ఒక్క ఆపరేషనా, రెండా?

ఈ కాలమ్‌లో మామూలుగా ఫోన్లు, యాప్‌లు, ఆఫీసు గోల రాస్తుంటాను. ఈ వారం సంగతి వేరు. చదువుతుంటే పక్కనున్నవాళ్లకి కనిపించకుండా స్క్రీన్ తిప్పేసుకోవాలనిపించొచ్చు. తిప్పుకోకండి. అలా తిప్పుకునే అలవాటు వల్లే మా ఇంట్లో రెండు వారాలు వృథా అయ్యాయి.

పోయిన ఏడాది సెప్టెంబర్‌లో ఒకరోజు రాత్రి పదకొండున్నరకి తెనాలి నుంచి మా పిన్ని వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. డాక్టర్ చీటీ వెనకాల పెన్నుతో నాలుగు లైన్లు రాసి ఉన్నాయి. ఒకేసారి ఇంప్లాంట్. ముందు ఎక్స్‌పాండర్, తర్వాత ఇంప్లాంట్. పొట్ట దగ్గరి కొవ్వుతో. ఏమీ వద్దు.

కింద పిన్ని మెసేజ్: "ఏమే, ఫోన్ కొనేముందు నువ్వు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తావుగా. ఇవి కూడా అలా చూసి చెప్పవే. సోమవారంలోపు చెప్పాలట."

పిన్నికి 46. హైస్కూల్లో లెక్కల టీచర్. ఎడమ రొమ్ములో క్యాన్సర్. గడ్డలు ఒకటి కాదు, వేర్వేరు చోట్ల ఉన్నాయి. చిన్న గడ్డ అయితే చాలామందికి దాన్ని మాత్రమే తీసేసి రేడియేషన్ ఇస్తే సరిపోతుంది. ప్రాణం విషయంలో అది మొత్తం రొమ్ము తీసేయడంతో సమానమేనని 1980ల్లోనే పెద్ద పరిశోధనలు తేల్చాయి. పిన్ని విషయంలో మాత్రం మొత్తం తీసేయాల్సిందే అన్నారు డాక్టర్లు. అంటే మాస్టెక్టమీ. తర్వాత ఆ చోట ఏం చేయాలన్నదే ఆ నాలుగు లైన్లు.

ఇంట్లో ఆ నాలుగు లైన్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. బాబాయ్ టాపిక్ రాగానే టీవీ సౌండ్ పెంచేవాడు. అమ్మమ్మ అయితే "ప్రాణం దక్కితే అదే పదివేలు, ఈ వయసులో ఆ సోకులెందుకే?" అంది. పిన్ని తల వంచుకుని, "జాకెట్టు కుట్టించుకోవాలిగా అమ్మా" అంది. అంతే. అక్కడితో ఆ చర్చ ముగిసింది. అందుకే ఆ ఫొటో అందరూ పడుకున్నాక నాకొచ్చింది.

2022లో మన దేశంలో దాదాపు 1,92,000 మంది ఆడవాళ్లకి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా. మన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. కాబట్టి మీ ఫోన్‌కి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఫొటో రావచ్చు. రాకూడదనే కోరుకుంటా. వస్తే ఉపయోగపడుతుందని రాస్తున్నా.

ముందు కాస్త చరిత్ర

1890ల్లో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. రొమ్ముతోపాటు కింద ఉన్న ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవారు. దాదాపు ఎనభై ఏళ్లు అదే నడిచింది. ఎముకల మీద పల్చని చర్మం మాత్రమే మిగిలేది. దాని కింద ఇంకేం పెడతారు?

1962లో టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే ఇద్దరు డాక్టర్లు మొదటిసారి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. అది క్యాన్సర్ పేషెంటుకి కాదు, సైజు పెంచడానికి. క్యాన్సర్ తర్వాత రొమ్ము ఆకారం తిరిగి తెచ్చేందుకు వాడటం 1970ల్లో ఊపందుకుంది. అప్పుడొచ్చిన ఇబ్బంది ఏంటంటే, చర్మం చాలదు. దీనికి చెడోమిర్ రాడోవన్ అనే సర్జన్ ఒక దారి చూపించాడు. ముందు ఖాళీ సంచి లాంటిది పెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా సెలైన్ నింపుతూ చర్మాన్ని సాగదీయడం. గర్భిణి పొట్ట చర్మం నెలల్లో సాగుతుంది కదా, అదే సూత్రం. ఆయన అనుభవాలు 1982లో ప్రచురించాడు. అదే టిష్యూ ఎక్స్‌పాండర్. పిన్ని చీటీలో రెండో లైన్.

ఇప్పుడు మాస్టెక్టమీ కూడా మారింది. కండరాలు తీయరు. వీలైతే పైచర్మం ఉంచి లోపలి కణజాలం మాత్రమే తీస్తారు. కొందరికి చనుమొన కూడా ఉంచుతారు. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2013లో తన సర్జరీ గురించి బహిరంగంగా రాసింది చూడండి, అది ఈ రకమే. ఆమె కూడా ముందు తాత్కాలిక సంచులు, కొన్ని వారాల తర్వాత అసలు ఇంప్లాంట్లు పెట్టించుకుంది. చర్మం మిగులుతోంది కాబట్టి ఇప్పుడు మొదటి లైన్ కూడా సాధ్యమైంది. అదే ఆపరేషన్‌లో, అదే మత్తులో, నేరుగా ఇంప్లాంట్ పెట్టేయడం.

ఒక్కసారితో అయిపోతే మంచిదేగా?

నాకూ అలాగే అనిపించింది. ఎక్సెల్ షీట్ తెరిచా. మొదటి కాలమ్‌లో "ఒకే సర్జరీ" అని రాసి పచ్చరంగు కొట్టేశా. రెండో కాలమ్‌లో "రెండు సర్జరీలు, మధ్యలో పది సార్లు హాస్పిటల్ చుట్టూ తిరగడం" అని రాసి ఎర్రరంగు వేశా. పిన్నికి షుగర్ కూడా ఉంది. రెండుసార్లు మత్తు ఎందుకు? నా మనసులో ఆ రాత్రే తేలిపోయింది.

తర్వాత చదవడం మొదలుపెట్టా. అప్పుడు దొరికింది నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక ట్రయల్. పేరు బ్రియోస్. ఎనిమిది హాస్పిటళ్లు, 2013 నుంచి 2015 మధ్య చేరిన ఆడవాళ్లు. ఎవరికి ఏ పద్ధతి అన్నది డాక్టర్లు ఎంచలేదు, లాటరీ తీసినట్టు పంచారు. కొందరికి ఒకేసారి ఇంప్లాంట్, దానికి ఆసరాగా ఏడీఎం అనే పొర. కొందరికి పాత పద్ధతిలో ఎక్స్‌పాండర్, తర్వాత ఇంప్లాంట్. ఏడీఎం అంటే కణాలన్నీ కడిగేసి, చట్రం మాత్రం మిగిల్చిన చర్మం. చనిపోయిన మనుషులు దానం చేసిన చర్మం నుంచి గానీ, పంది, పశువుల నుంచి గానీ తయారుచేస్తారు. ఈ ట్రయల్‌లో వాడింది పంది చర్మం నుంచి తీసింది. ఇంప్లాంట్ కిందికి జారకుండా లోపలి బ్రాలా పట్టి ఉంచుతుంది.

2017లో ఫలితాలు వచ్చాయి. ఒకేసారి చేసిన 91 రొమ్ముల్లో 26కి తీవ్రమైన సమస్యలు వచ్చాయి. రెండు దశల్లో చేసిన 92లో 5కి మాత్రమే. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం, పెట్టిన ఇంప్లాంట్ తీసేయాల్సి రావడం కూడా ఒకేసారి చేసినవాళ్లలోనే ఎక్కువ. పోనీ, ఆ రిస్కు తీసుకున్నందుకు జీవితం ఏమైనా మెరుగ్గా ఉందా అంటే, ఏడాది తర్వాత అడిగినప్పుడు రెండు గుంపుల సమాధానాల్లో పెద్ద తేడా లేదు.

నేను పచ్చరంగు కొట్టిన కాలమ్ వైపు చూస్తూ కూర్చున్నా. "ఒకే సర్జరీ" అని నేను రాసుకున్నది ప్లాన్ మాత్రమే. ఎంతమందికి అది నిజంగా ఒక్క దాంతో ఆగింది అన్నది అసలు ప్రశ్న.

దీనర్థం ఒకేసారి పెట్టడం తప్పని కాదు. ఆ ట్రయల్‌లో వాడింది ఒక రకం పొర, కొన్ని హాస్పిటళ్లు, కొందరు సర్జన్లు. రొమ్ము చిన్నదై, మిగిలిన చర్మం మందంగా, రక్తప్రసరణ బాగా ఉండి, సిగరెట్, షుగర్ లేనివాళ్లకి అనుభవమున్న సర్జన్ చేస్తే ఒకేసారి పెట్టినా బాగానే కుదురుతుంది. కానీ అది అందరికీ సరిపోయే షార్ట్‌కట్ కాదు.

రెండో లెక్క బ్రిటన్ నుంచి. ఐబ్రా అనే అధ్యయనంలో 81 సెంటర్లలో ఇంప్లాంట్ పెట్టించుకున్న 2,108 మందిని మూడు నెలలపాటు గమనించారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం 9 శాతం మంది ఇంప్లాంట్ పోగొట్టుకున్నారు. 25 శాతం మందికి ఇన్‌ఫెక్షన్. 18 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ థియేటర్. ఇంప్లాంట్ పోవడం, మళ్లీ థియేటర్‌కి వెళ్లడం రెండూ 5 శాతం లోపే ఉండాలని అక్కడివాళ్లు పెట్టుకున్న ప్రమాణం. అంటే ఏ పద్ధతైనా ఇంప్లాంట్ అనేది పెట్టి మర్చిపోయే వస్తువు కాదు. ఈ మాట హాస్పిటల్ బ్రోషర్‌లో నాకు కనపడలేదు.

కండరం పైనా, కిందా?

మూడో రోజు వీడియో కాల్‌లో పిన్ని అడిగింది, "కండరం పైన పెడతారా, కింద పెడతారా అని అడగమంది మా స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ. అదేంటే?"

ఛాతీ కండరం ఒక దుప్పటి అనుకోండి. ఏళ్ల తరబడి ఇంప్లాంట్‌ని ఆ దుప్పటి కింద పెట్టేవారు. పైన చర్మంతోపాటు కండరం కూడా కప్పుతుంది కాబట్టి ఇంప్లాంట్ అంచులు బయటికి తెలియవు, చర్మం పల్చగా ఉన్నా ఒక రక్షణ. కానీ కండరాన్ని లేపాలి కాబట్టి నొప్పి ఎక్కువ. ఇంకోటి, చెయ్యి బలంగా కదిపినప్పుడల్లా కండరం బిగుసుకుని ఇంప్లాంట్ కూడా పైకి కదులుతుంది. కొందరికి అది చూడ్డానికీ, అనుభవించడానికీ ఇబ్బంది.

ఈమధ్య కండరాన్ని ముట్టుకోకుండా దాని పైన, చర్మం కిందే పెట్టడం పెరిగింది. నొప్పి తక్కువ, ఇంప్లాంట్ ఎగరడం ఉండదు. అయితే చర్మం పల్చగా ఉంటే ఇంప్లాంట్ ముడతలు పైకి కనిపిస్తాయి. చర్మం ఎక్కడైనా దెబ్బతింటే అడ్డుగా కండరం ఉండదు. చాలామంది సర్జన్లు ఏడీఎం గానీ మెష్ గానీ చుట్టి పెడతారు, దాంతో బిల్లు పెరుగుతుంది. చర్మంలో రక్తం సరిగ్గా పారుతోందా లేదా అని థియేటర్‌లోనే రంగు మందు ఎక్కించి ప్రత్యేక కెమెరాతో చూసే పద్ధతి కూడా ఉంది. అన్ని చోట్లా ఉండదు.

అంతా విని పిన్ని అడిగిన ప్రశ్న ఇది: "సరేలే గానీ, బోర్డు మీద ఎప్పటికి రాయగలను?"

నా షీట్‌లో ఆ వరుస లేదు. ఇన్‌ఫెక్షన్ శాతాలున్నాయి, ఖర్చు ఉంది, ఏడీఎం రకాలున్నాయి. పిన్ని ఏ రోజు నుంచి మళ్లీ క్లాసుకి వెళ్లగలదు అన్నది లేదు. "స్పర్శ ఉంటుందా?" అన్నదీ లేదు. దానికి సమాధానం వెతికి చెప్పడానికి నాకే గొంతు పట్టేసింది. ఇంప్లాంట్ ఆకారాన్ని ఇస్తుంది గానీ, పోయిన స్పర్శని చాలావరకు తిరిగి ఇవ్వదు. పిన్ని కొంచెంసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పావు, మంచిది" అంది.

రేడియేషన్ అనే మెలిక

పిన్ని చంకలో ఒక గ్రంథి స్కానింగ్‌లో అనుమానంగా కనిపించింది. సర్జరీలో తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. క్యాన్సర్ అక్కడికి పాకి ఉంటే రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చు. ఇంప్లాంట్‌కి రేడియేషన్‌తో పడదు. ఏ ఇంప్లాంట్ చుట్టూ అయినా శరీరం ఒక పల్చని పొర కట్టుకుంటుంది. రేడియేషన్ తర్వాత ఆ పొర మందమై, బిగిసి, రొమ్ము గట్టిగా రాయిలా అయ్యే అవకాశం, ఇంప్లాంట్ తీసేయాల్సి వచ్చే అవకాశం రెండూ పెరుగుతాయి.

రేడియేషన్ ఖాయమైనప్పుడు చాలామంది డాక్టర్లు సొంత కణజాలం వైపు మొగ్గుతారు. అంటే మూడో లైన్. పొట్ట కింది చర్మం, కొవ్వు రక్తనాళాలతో సహా తీసి, మైక్రోస్కోప్ కింద ఛాతీ రక్తనాళాలకి కలుపుతారు. వయసుతోపాటు సహజంగా మారుతుంది, మళ్లీ మార్చాల్సిన వస్తువేమీ ఉండదు. కానీ గంటల కొద్దీ సర్జరీ, పొట్ట మీద ఇంకో పెద్ద కోత, ఎక్కువ విశ్రాంతి. మైక్రోసర్జరీ వచ్చిన టీమ్ కావాలి. పిన్ని "రెండు చోట్ల కోతలు నావల్ల కాదు" అని ఆ లైన్ కొట్టేసింది.

నాలుగో లైన్ కూడా ఓడిపోవడం కాదు. చదునుగా, నీట్‌గా కుట్టేయమని అడిగి మరీ చేయించుకునేవాళ్లున్నారు. బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ములు దొరుకుతాయి. పైగా ఇప్పుడు వద్దనుకున్నా, ఏళ్ల తర్వాత కావాలంటే చేయించుకోవచ్చు. "సోమవారంలోపు చెప్పాలి" అన్న తొందర క్యాన్సర్ సర్జరీకి ఉంటుంది గానీ, రొమ్ము ఆకారానికి ఉండదు. ఇది తెలిశాక పిన్ని మొహంలో మొదటిసారి కాస్త రిలీఫ్ చూశా.

ఇంప్లాంట్‌కే వెళ్తే ఇంకో రెండు విషయాలు. ఒకటి, పైభాగం గరుకుగా ఉండే ఇంప్లాంట్లతో చాలా అరుదుగా ఒక రకం లింఫోమా వస్తోందని తేలి, 2019లో అమెరికా ఎఫ్‌డీఏ అడగడంతో ఒక పెద్ద కంపెనీ తన గరుకు రకాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. అందుకే నున్నటిదా, గరుకుదా అని అడగాలి. ఆ కార్డు దాచుకోవాలి. రెండోది, ఇంప్లాంట్ జీవితకాల వస్తువు కాదని ఎఫ్‌డీఏనే చెబుతోంది. సిలికాన్‌దైతే ఐదారేళ్లకి మొదటి స్కాన్, తర్వాత రెండు మూడేళ్లకోసారి చూపించుకోమని సలహా. 46 ఏళ్ల మనిషికి ఇది ముందే చెప్పాలి కదా.

సోమవారం

పిన్నితోపాటు నేనూ వెళ్లా. షీట్ ప్రింట్ తీసుకెళ్లా. ప్లాస్టిక్ సర్జన్ ఒక నిమిషం చూసి, నవ్వి, "బాగుందమ్మా, కానీ ఇందులో మీ పిన్నిగారి చర్మం లేదు" అన్నారు. నిజమే. రొమ్ము తీశాక మిగిలిన చర్మం ఎంత మందం ఉంది, రక్తం ఎంత పారుతోంది అన్నది ఏ షీట్‌లోనూ ముందే రాదు. అది థియేటర్‌లో తెలుస్తుంది.

రేడియేషన్ వస్తుందో రాదో తెలియదు, షుగర్ ఉంది, చర్మం సంగతి తెలియదు. ఇన్ని తెలియనివి ఉన్నప్పుడు మధ్యలో ఆగే వీలున్న దారి మేలని పిన్నే అంది. మా ఆఫీసులో కొత్త వెర్షన్ ఒకేసారి అందరికీ వదలం, ముందు కొందరికే వదిలి చూస్తాం. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి. ఆ మాట నేను చెప్పాల్సింది. లెక్కల టీచర్ చెప్పింది. ఎక్స్‌పాండర్ ఖాయమైంది.

సర్జరీ అయిన పదో రోజుకి కోత పక్కన చర్మం రూపాయి బిళ్లంత మేర నల్లబడింది. నా ప్రాణాలు పోయాయి. డాక్టర్ మాత్రం నింపిన సెలైన్‌లో కొంత వెనక్కి లాగేసి, చర్మం మీద బిగువు తగ్గించి, "మూడు వారాలు ఆగుదాం" అన్నారు. ఆగాం. మానింది. లోపల ఉన్నది నిండు సైజు ఇంప్లాంట్ అయ్యుంటే అలా బిగువు తగ్గించడానికి ఉండేది కాదు.

గ్రంథి రిపోర్టులో క్యాన్సర్ ఉందని వచ్చింది. కీమో, దాంతోపాటే సెలైన్ నింపడం. నర్సు చిన్న అయస్కాంతంతో చర్మం కింద సూది గుచ్చాల్సిన చోటు వెతికేది. లోపల కూడా అయస్కాంతం ఉంది కాబట్టి ఎంఆర్ఐ తీయకూడదని చీటీ మీద పెద్దక్షరాల్లో రాసిచ్చారు. మార్చిలో రేడియేషన్ అయింది. చర్మం కొంచెం బిగుసుకుంది. రెండో సర్జరీ తర్వాత ఎలా ఉంటుందో డాక్టర్ హామీ ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే డాక్టర్‌ని ఇవి అడగండి: నాకు మొత్తం తీయడం తప్పదా? రేడియేషన్ వచ్చే అవకాశం ఎంత? కండరం పైనా, కిందా, ఎందుకు? ఏ పొర వాడతారు, ఎందుకు? మీ పేషెంట్లలో ఎందరికి మళ్లీ థియేటర్‌కి వెళ్లాల్సి వచ్చింది? ఏదైనా తేడా వస్తే తర్వాత ప్లాన్ ఏంటి? ఇప్పుడు కాకపోతే తర్వాత చేయించుకోవచ్చా? ఇవి అడిగితే మంచి డాక్టర్ ఎవరూ విసుక్కోరు. ఇంకొకటి, పేషెంట్‌ని కూడా అడగండి, తనకి ఏం కావాలో. మేం అది ఆఖర్న అడిగాం.

మొన్న ఫోన్ చేసి, "రెండోది ఎప్పుడు పెట్టుకుంటున్నావ్ పిన్నీ?" అన్నా.

"దసరా సెలవుల్లో. పదో తరగతి వాళ్లకి త్రికోణమితి మధ్యలో వదిలేసి రాలేనే. ఆగొచ్చుగా?"

ఆగొచ్చు పిన్నీ.

వచ్చే వారం మళ్లీ ఫోన్ల గొడవే. ఉంటాను.